లీటరుకు ఎంత దూరం? ఒక కొలత చరిత్ర

ఏలూరు ఊరి నడుమ పారే కాలువ మీద ఒకప్పుడు సరుకు పడవలు తిరిగేవి. ధవళేశ్వరం వద్ద 1847–1852 సంవత్సరాల మధ్య కట్టిన ఆనకట్ట నుండి గోదావరి నీరు తూర్పుగాను, విజయవాడ వద్ద 1852–1855 మధ్య కట్టిన ఆనకట్ట నుండి కృష్ణ నీరు పడమరగాను వచ్చి ఏలూరు దగ్గర కలుసుకొంటాయి. సర్ ఆర్థర్ కాటన్ దృష్టిలో ఈ కాలువలు పొలాలకు నీళ్ళివ్వడానికి మాత్రమే పుట్టినవి కావు. సరుకులను చవుకగా చేరవేసే రహదారులు కూడాను. గాలి కలిసివస్తే పడవవాళ్ళు తెరచాప ఎత్తేవారు. లేకపోతే తాడు కట్టి గట్టు వెంట నడుస్తూ లాగేవారు. మంచి రోడ్డు మీద టన్నో రెండు టన్నులో లాగే గుర్రం, కదలని నీటి మీద ముప్పై టన్నుల పడవను లాగగలదని ఐరోపా కాలువల అనుభవం. నీరు అంత తక్కువ అడ్డు పెడుతుందన్నమాట, పడవ మెల్లగా పోయినంత సేపు.

ఆ తాడు భుజాన వేసుకొన్న మనిషికి, పడవ ఎంత బలం అడుగుతున్నదో చెప్పడానికి వేరే సాధనం అక్కరలేదు. బరువు పెరిగినా, ఎదురునీరైనా, ఎదురుగాలి వీచినా భుజమే చెప్పేది. మోటారు కారు వచ్చాక ఈ సౌకర్యం పోయింది. కారు నడిపేవాని పాదం క్రింద మీట బరువున్నా, లేకపోయినా ఒకటే మెత్తగా అణగుతుంది. పడే శ్రమ అంతా ఎక్కడో మూతపెట్టిన డబ్బాలో మండే పెట్రోలుది. అందుచేత ఆ శ్రమను కొలిచి తెలుసుకోవలసి వచ్చింది. ఆ కొలత సంగతి పైకి కనిపించినంత సులువు కాదు.

ఏలూరులో ఒకాయన కారు కొన్నాడనుకొందాం. అమ్మినవారు చూపిన కాగితంలో లీటరుకు 22 కిలోమీటర్లని ఉన్నది. తాడేపల్లిగూడెం వెళ్ళివచ్చి లెక్క చూచుకొంటే 16 వచ్చింది. కంపెనీ అబద్ధం వ్రాసిందా, పెట్రోలు బంకువాడు తక్కువ పోశాడా, బండిలో లోపమా? ఒక్కొక్కప్పుడు ఇవి నిజమే కావచ్చును. ఎక్కువసార్లు మాత్రం మూడూ కావు. కంపెనీ కొలిచిన దారి ఒకటి, ఆయన ప్రయాణం చేసిన దారి ఇంకొకటి. రెండు అంకెలూ తమ తమ దారులకు నిజమే. అయితే కంపెనీ దారిని ఎవరు నిర్ణయించారు, ఎందుకు ఆ దారినే ఎన్నుకొన్నారు? ఈ కొలత చరిత్రలో సగం ఈ ప్రశ్నకు జవాబే.

ఇంధనాన్నీ, దాని వల్ల జరిగిన పనినీ ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూడడం మోటారు బండితో మొదలు కాలేదు. అది ఆవిరి యంత్రం నాటిది. ఇంగ్లండుకు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ ప్రాంతంలో రాగి, తగరం గనులలో ఊరే నీటిని తోడడానికి 1712లో పుట్టిన న్యూకమెన్ యంత్రాలను వాడేవారు. అక్కడ బొగ్గు దొరకదు, ఓడలమీద రావాలి. జేమ్స్ వాట్ తక్కువ బొగ్గుతో పనిచేసే యంత్రం తెచ్చినప్పుడు, అతడూ అతని భాగస్వామి బౌల్టనూ ధరను చిత్రమైన పద్ధతిలో అడిగారు. పాత యంత్రంతో పోలిస్తే ఎంత బొగ్గు మిగులుతుందో, ఆ మిగులు విలువలో మూడవ వంతు తమకియ్యాలన్నారు. అంటే, కాలిన బొగ్గును కొలిస్తే చాలదు; పాత యంత్రమే ఉండి ఉంటే ఎంత కాలేదో ఆ కాలని బొగ్గును కూడా లెక్క కట్టాలి! గని యజమానులకు ఈ లెక్క రుచించలేదు. వాట్ హక్కు 1800లో ముగిసిన తరువాత 1811 నుండి జోయెల్ లీన్ అనే ఇంజనీరు ప్రతి నెలా ఒక పట్టిక ప్రచురించసాగాడు. ఒక బుషెల్ బొగ్గుతో ఏ గనిలోని యంత్రం ఎన్ని లక్షల పౌనుల నీటిని ఒక అడుగు ఎత్తుకు తోడిందో అందులో ఉండేది. దీనికి ‘డ్యూటీ’ అని పేరు. పేర్లతో సహా అంకెలు నలుగురి కంటా పడేసరికి ఇంజనీర్లలో పోటీ పుట్టింది, కొద్ది దశాబ్దాలలో డ్యూటీ కొన్ని రెట్లు పెరిగింది. నేడు కారు అద్దానికి అంటించే మైలేజి కాగితానికి ఈ నెలసరి పట్టికే ముత్తాత.

బుషెల్ అనేది మన కుంచం వంటి కొలపాత్ర. కుంచంతో ధాన్యం కొలిచిన ఇళ్ళలో ఒక తగవు అందరూ ఎరిగినదే: రాశిగా పోసి కొలవాలా, అంచుదాకా చదును చేసి కొలవాలా? పెట్రోలు కొలతకు కూడా ఈ తగవు తప్పలేదు. ముందు అసలు కుంచమే రెండు రకాలు. ఇంగ్లీషువారు 1824లో తమ గాలనును 10 పౌనుల నీరు పట్టే పాత్రగా నిర్ణయించారు, అది 4.546 లీటర్లు. అమెరికావారు మాత్రం అంతకు పూర్వపు ద్రాక్షసారా గాలనునే ఉంచుకొన్నారు, అది 3.785 లీటర్లే. అందుచేత ఇంగ్లండులో గాలనుకు 30 మైళ్ళు పోయే కారు, ఓడ దిగి అమెరికాలో 25 మైళ్ళే పోతుంది. బండి మారలేదు, పాత్ర మారింది. మన దేశంలో ఇంగ్లీషు గాలనే ఉండేది. తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చింది. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ పద్ధతి అంచెలంచెలుగా అమలైంది. మైలురాళ్ళు కిలోమీటరు రాళ్ళయినాయి, గాలను లీటరయింది. మైలేజి అనే మాట మాత్రం చెక్కుచెదరలేదు. మైలు అంటే ఎంతో చెప్పలేని విద్యార్థి కూడా మోటారుసైకిలు మైలేజి ఎంతో చటుక్కున చెబుతాడు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు కరువు వచ్చి, కట్టెబొగ్గు నుండి తయారైన గ్యాసుతో బస్సులు నడిపారు. అప్పుడు గాలను లెక్కే పనికిరాలేదు; బొగ్గు తూకం చూడవలసివచ్చింది. లీటరు అనేది శక్తికి కొలత కాదని ఆ బస్సులు అప్పుడే చెప్పాయి. ఇప్పుడు అదే పాఠం మరోవిధంగా ఎదురవుతున్నది. 2025 నాటికి బంకులలో అమ్మే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ చేరింది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 మెగాజౌళ్ళే. ఎనిమిది పాళ్ళు పెట్రోలు, రెండు పాళ్ళు ఇథనాల్ కలిపితే లీటరుకు దాదాపు 29.8 మెగాజౌళ్ళు వస్తాయి. అనగా సుమారు 7 శాతం తక్కువ. ఇంజనును ఆ మిశ్రమానికి తగినట్లు దిద్దితే ఈ నష్టంలో కొంత పూడ్చుకోవచ్చును గాని, నిన్నటి లీటరూ నేటి లీటరూ ఒకటేనని అనుకొని మైలేజిని పోల్చడం తప్పు.

ఇక కొలిచే విధానం. అన్నిటికంటె పాతది, నేటికీ ఇంటివద్ద చెయ్యదగినది, టాంకు నింపి చూడడం. టాంకు నిండా పోయించి, మీటరు అంకె వ్రాసుకొని, ప్రయాణం చేసి, మళ్ళీ నింపి, రెండవసారి పట్టిన లీటర్లతో దూరాన్ని భాగించాలి. ఐదవ తరగతి లెక్క! కాని ఇక్కడే కుంచం తగవు వస్తుంది. ‘నిండా’ అంటే ఎంత? పోసే గొట్టం తనంతట తాను ఆగిపోయేది నురుగు తగిలినప్పుడు. బండి కొంచెం ఒరిగి నిలిచినా, వేగంగా పోసినా, టాంకు మెడలో గాలి చిక్కినా ఒక పావు లీటరు అటూ ఇటూ అవుతుంది. ఏలూరు నుండి తాడేపల్లిగూడేనికి సుమారు 50 కిలోమీటర్లు. లీటరుకు 16 చొప్పున పోయే కారు అందుకు 3 లీటర్ల పైచిలుకు తాగుతుంది. అందులో పావు లీటరు తేడా అంటే నూటికి 8 పాళ్ళ తప్పు. అదే కారు 500 కిలోమీటర్లు తిరిగిన తరువాత, 31 లీటర్లు నింపేటప్పుడు ఆ పావు లీటరే తేడా వస్తే తప్పు నూటికి ఒక పాలు కూడా ఉండదు. కొలపాత్ర మారలేదు, కొలిచినవాని నేర్పూ పెరగలేదు. దూరం పెరిగింది, అంతే. ఒక్క ప్రయాణం చూచి బండిని మెచ్చుకోవడం, తిట్టుకోవడం రెండూ తొందరపాటే.

ఎండ సంగతి కూడా ఉన్నది. పెట్రోలు వేడికి బాగా వ్యాకోచిస్తుంది: 10 డిగ్రీలు పెరిగితే దాదాపు నూటికి ఒక పాలు. భూమిలో పాతిన టాంకులోని చల్లని పెట్రోలుకూ, మే నెల మధ్యాహ్నం ఏలూరు ఎండలో నిలిచిన బండిలోని పెట్రోలుకూ లీటరులో ఉండే సరుకు సమానం కాదు. బంకువాని మీద అనుమానముంటే దానికి వేరే దారి ఉన్నది. ప్రభుత్వ ముద్ర వేసిన ఐదు లీటర్ల పాత్ర ప్రతి బంకులోను ఉంటుంది, కొలిచి చూపమని అడిగే హక్కు కొనేవానికి ఉన్నది.

పెట్రోలు కొలత సరిగా వచ్చినా దూరం కొలత సరిగా ఉన్నట్లేనా? కారులోని దూరపు మీటరు నేలను చూడదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించి, చక్రపు చుట్టుకొలతతో హెచ్చిస్తుంది. 600 మిల్లీమీటర్ల వ్యాసమున్న టైరు 6 మిల్లీమీటర్ల మందం అరిగితే వ్యాసం 588 అవుతుంది. ఇప్పుడు చక్రం ఎక్కువసార్లు తిరగాలి. మీటరు 100 కిలోమీటర్లు చూపే వేళకు బండి నిజంగా పోయినది 98. అరిగిన టైర్ల మీద మైలేజి కొంత బాగుపడినట్లు కనిపించడానికి ఇదొక కారణం. రోడ్డు ప్రక్కన రాళ్ళతో సరిచూచుకొంటే గుట్టు బయటపడుతుంది.

కార్లను ఒకదానితో ఒకటి పోల్చాలని అమెరికాలో 1936లో పొదుపు పందెములు పెట్టారు. మొదట గిల్మోర్ పేరుతోను, తరువాత మొబిల్ పేరుతోను నడిచిన ఈ పందెములు 1968తో ఆగిపోయినాయి. 1939లో షెల్ కంపెనీ ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞులు తమలో తాము సరదాగా వేసుకొన్న పందెం పెరిగి పెద్దదై, నేడు ప్రపంచమంతటా విద్యార్థులు పాల్గొనే షెల్ ఎకో మారథాన్ అయింది. ఈ పందెములలో తేలినది కారు గుణం కంటె నడిపేవాని గుణం. మెత్తని పాదం, ముందుచూపు, బ్రేకు తొక్కవలసిన అవసరం రాకుండా చూచుకోవడం, వీటితో ఒకే కారు నుండి మామూలు మనిషి ఊహించని దూరం రాబట్టవచ్చును. మరి అట్టి నేర్పరి సాధించిన అంకెను ప్రకటనలో వేసి మామూలు మనిషికి కారు అమ్మడం న్యాయమా?

నడిపేవాడే కాదు, నేల కూడా ఈ అంకెలో పాలుపంచుకొంటుంది. ఏలూరు నుండి దక్షిణంగా కైకలూరు వెళ్ళే రోడ్డు కొల్లేటి మీదుగా పోతుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెం వంటి పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చిపోసే నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. వరద రోజులలో నీరు రోడ్డెక్కడం అక్కడివారికి క్రొత్త కాదు. ఇంత సమతలమైన నేల మరొకచోట అరుదు. అదే ఏలూరు నుండి ఈశాన్యంగా జంగారెడ్డిగూడెం వైపు పోతే మెట్ట, ఎత్తుపల్లాలు. వెయ్యి కిలోగ్రాముల కారును సమతలం మీద మెల్లగా నడపడానికి టైర్ల అడ్డును గెలవాలంటే సుమారు 100 న్యూటన్ల బలం చాలు. నూరు మీటర్లకు ఒక్క మీటరు ఎక్కే వాలు మీద భూమ్యాకర్షణ మరొక 98 న్యూటన్లు అడుగుతుంది. కంటికి ఆనని ఆ చిన్న వాలు, టైర్ల అడ్డును రెట్టింపు చేసినంత పని చేసింది! దిగేటప్పుడు ఆ బలం తిరిగి వస్తుంది గాని, మధ్యలో బ్రేకు తొక్కితే అది వేడిగా మారి గాలిలో కలుస్తుంది. గాలి అడ్డు మాట వేరు. అది వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 50 కిలోమీటర్ల వేగం వద్ద ఉన్నదానికి 100 వద్ద నాలుగు రెట్లు. కొల్లేటి ప్రాంతంలో సాయంకాలం సముద్రపు గాలికి ఎదురుగా పోయే బండికి, మీటరులో కనిపించని వేగం మరికొంత కలిసినట్లే.

కనుక కారును రోడ్డు మీద కాక గదిలో నడపాలన్న ఆలోచన వచ్చింది. విచిత్రమేమంటే, ఆ గదిని కట్టినది మైలేజి కోసం కాదు, పొగ కోసం. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరాన్ని కార్ల పొగ మంచులా కమ్మి కళ్ళు మండించేది. ఒక కారు ఎంత మురికి వదులుతున్నదో తేల్చడానికి, ఆ నగరంలో ఇంటినుండి పనికి పోయే దారిలో కారు వేగం క్షణక్షణానికి ఎట్లా మారుతుందో 1960ల దశకంలో నమోదు చేశారు. దానినుండి తయారైనది 1369 సెకన్ల వేగాల పట్టిక: దూరం 12 కిలోమీటర్లు, సగటు వేగం గంటకు సుమారు 31 కిలోమీటర్లు. 1970ల తొలి సంవత్సరాలలో అమెరికా ప్రభుత్వం దానిని పరీక్షగా స్వీకరించింది. కారు చక్రాలను డైనమోమీటరు అనే ఉరుళ్ళ మీద నిలుపుతారు. గానుగెద్దు ఎంత నడిచినా ఊరు దాటనట్లు, కారు ఎంత తిరిగినా గది దాటదు. నడిపేవాడు ఎదుట తెరమీద కదిలే గీతను అనుసరించి వేగం పెంచుతాడు, తగ్గిస్తాడు. వెనుక గొట్టం నుండి వచ్చే పొగను గాలితో కలిపి, అందులో కొంత భాగాన్ని సంచులలోకి పడతారు.

ఆ సంచిలోనే పెట్రోలు లెక్క కూడా దొరికింది. టాంకును చూడవలసిన పనే లేదు. పదార్థం నశించదన్న లవోయిజే సూత్రం తొమ్మిదవ తరగతి పిల్లలకు తెలిసినదే. పెట్రోలులోని కర్బనం బొగ్గుపులుసు వాయువుగానో, కొద్దిగా కార్బన్ మోనాక్సైడుగానో, కాలని ఆవిరిగానో గొట్టం నుండే బయటికి రావాలి. వేరే దారి లేదు. సంచిలోని కర్బనాన్ని లెక్కిస్తే కాలిన పెట్రోలు తెలిసిపోతుంది. ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అందులో కర్బనం దాదాపు 640 గ్రాములు. ప్రతి 12 గ్రాముల కర్బనం 32 గ్రాముల ఆమ్లజనితో కూడి 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు అవుతుంది. అనగా లీటరుకు 2.35 కిలోగ్రాములు. 740 గ్రాముల ద్రవం నుండి రెండుంబావు కిలోలు దాటిన వాయువు ఎట్లా వస్తుందని తరగతిలో ఒక్కరైనా అడగకపోరు. తక్కిన బరువు దారిలో గాలి నుండి తీసుకొన్న ఆమ్లజనిదని చెప్పి, లెక్క వారిచేతనే చేయించడం మంచిది. లీటరుకు 16 కిలోమీటర్లు పోయే కారు కిలోమీటరుకు సుమారు 147 గ్రాములు వదులుతుందని కూడా వారే తేల్చగలరు.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. కొద్ది నెలలలో ధర దాదాపు నాలుగు రెట్లయింది. అంతవరకు పొగకోసం నడిచిన గది, మైలేజి న్యాయస్థానమైంది. అమెరికా 1975లో చట్టం చేసి, ప్రతి కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజికి హద్దు పెట్టింది. ఐరోపాలో 1970 నాటి నగర పరీక్షకు తరువాత ఊరి బయటి ప్రయాణాన్ని జతచేసి, మొత్తం 11 కిలోమీటర్ల పరీక్షగా స్థిరపరచారు. ఇక అంకె ఒక కుతూహలం కాదు. దానిమీద పన్నులు, జరిమానాలు, అమ్మకాలు నిలిచాయి. కార్న్‌వాల్ గనులలో వలెనే డబ్బు వచ్చి కొలత పక్కన కూర్చున్నది.

గదిలోని ఉరుళ్ళకు నిజమైన రోడ్డు ఎంత అడ్డు పెడుతుందో ముందు చెప్పాలి. దానిని తెలుసుకొనే పద్ధతి చాలా అందమైనది. సమతలమైన తిన్నని దారిమీద కారును వేగంగా పోనిచ్చి, గేరు తప్పించి, దానంతటదే నెమ్మదించేదాకా వేగాన్ని నమోదు చేస్తారు. గాలినీ వాలునూ రద్దు చెయ్యడానికి రెండు దిక్కులలోను చేసి సగటు తీస్తారు. కాలువలో ఎదురునీటికీ వాలునీటికీ సగటు చూచినట్లే. వెయ్యి కిలోగ్రాముల కారు 52 నుండి 48 కిలోమీటర్ల వేగానికి దిగడానికి 6 సెకన్లు పట్టిందనుకొంటే, వేగంలో తగ్గుదల సెకనుకు 1.11 మీటర్లు, మందనం 0.185, కావున అడ్డు బలం 185 న్యూటన్లు. న్యూటన్ రెండవ సూత్రానికి ఇంతకంటె తేటయైన ఉదాహరణ దొరకదు. ఇందుకు కావలసిన నేల ఎట్లా ఉండాలో తాడేపల్లిగూడెం వారు సులువుగా ఊహించగలరు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ విమానాల కోసం నిర్మించిన రన్‌వే అట్టిదే. కార్లతో రోడ్డు మీద ఇట్టి ప్రయోగం పిల్లలు చెయ్యరాదు. పాఠశాల ఆటస్థలంలో సైకిలు త్రొక్కడం ఒక గీత వద్ద ఆపి, ఎంత దూరం దొర్లిందో కొలిచి, టైర్లలో గాలి సగం తీసి మళ్ళీ చూస్తే చాలు. తేడా చూచి ఆశ్చర్యపోతారు.

మోసానికి చోటు దొరికినది కూడా ఇక్కడే. దొర్లించి తెచ్చిన అంకెను కొంచెం తగ్గించి చెబితే ఉరుళ్ళు తేలికవుతాయి, మైలేజి పెరుగుతుంది. పొగ సంచి నిజమే చెబుతుంది, కాని లేని రోడ్డును గురించి. 2012లో హ్యుందాయ్, కియా కంపెనీలు అమెరికాలో తమ కార్లపై వేసిన మైలేజి అంకెలను తగ్గించి దిద్దుకోవలసి వచ్చింది. లోపం ఈ దొర్లింపు పరీక్షలోనే. 2016లో జపానులో మిత్సుబిషి కంపెనీ ఈ అంకెలను తారుమారు చేసినట్లు ఒప్పుకొన్నది. చట్టం దాటకుండా చేసే ఉపాయాలు ఇంకా అనేకం: పరీక్షకు ఎన్నుకొన్న టైర్లు, తీసివేసిన సామగ్రి, అనుకూలమైన ఉష్ణోగ్రత. ఐరోపాలో ప్రకటించిన అంకెకూ, రోడ్డు మీది వాడకానికీ 2001లో 9 శాతం ఉన్న తేడా 2015 నాటికి 42 శాతానికి పెరిగిందని ఐ.సి.సి.టి. అనే పరిశోధక సంస్థ లెక్క తేల్చింది. కార్లు అంతగా చెడిపోలేదు. పరీక్షకు చదివే విద్యార్థి వలె, పరీక్షలో వచ్చే ప్రశ్నలకే బాగా తయారైనాయి. 2017 సెప్టెంబరు నుండి ఐరోపాలో 23 కిలోమీటర్లు, 30 నిమిషాలు సాగే కఠినమైన క్రొత్త పరీక్ష పెట్టారు. అంతటితో ఊరుకోక 2021 నుండి క్రొత్త కార్లలోనే వాడకం నమోదు చేసే సాధనం ఉండాలన్నారు. ఆ నమోదులను బట్టి చూస్తే పెట్రోలు, డీజిలు కార్ల విషయంలో తేడా సుమారు ఐదవ వంతుకు దిగింది. తేడా పోలేదు, తగ్గింది.

మన దేశంలో పూనాలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ 1966లో స్థాపితమైంది. మన నగరాల రద్దీని బట్టి ఏర్పరచిన భారతీయ పరీక్షలో 108 సెకన్ల ఆవృత్తులు ఆరు. సగటు వేగం గంటకు 22 కిలోమీటర్లకు లోపు, అత్యధిక వేగం 42. ఏలూరు పవరుపేట వీధులకు ఆ అంకె నేటికీ సరిపోతుంది గాని జాతీయ రహదారికి సరిపోదు. 2000 ప్రాంతంలో దానికి బదులుగా కార్లకు ఐరోపా నమూనాను తీసుకొని, పై వేగాన్ని 90కి కుదించి అమలు చేశారు. 2017–18 నుండి కంపెనీల సగటుకు కిలోమీటరుకు 130 గ్రాముల బొగ్గుపులుసు వాయువు హద్దు, 2022–23 నుండి 113. పైన చెప్పిన 2.35 కిలోల లెక్కతో ఈ రెంటినీ పెట్రోలు మైలేజిలోకి మార్చుకోవచ్చును: మొదటిది లీటరుకు సుమారు 18 కిలోమీటర్లు, రెండవది దాదాపు 21. ఇవి గది అంకెలని మరువరాదు.

కొలత సరిగానే వచ్చిన తరువాత లెక్కలో జారిపడే చోటు ఒకటి మిగిలి ఉన్నది. ఏలూరు నుండి ఒక దారిలో లీటరుకు 20, తిరిగివచ్చేటప్పుడు ఎదురుగాలిలో 10 వచ్చిందంటే సగటు 15 అని చాలామంది చెబుతారు. 100 కిలోమీటర్లు పోవడానికి 5 లీటర్లు, రావడానికి 10 లీటర్లు. మొత్తం 200 కిలోమీటర్లకు 15 లీటర్లు. సగటు 13.3 మాత్రమే. ఇక్కడ పనికివచ్చేది హరాత్మక మధ్యమం. దూరం పైన, పెట్రోలు క్రింద వ్రాయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఐరోపావారు నూరు కిలోమీటర్లకు ఇన్ని లీటర్లని తలక్రిందులుగా వ్రాస్తారు. వారికీ చిక్కు లేదు. 2008లో లారిక్, సోల్ అనే ఇద్దరు అమెరికా పండితులు, గాలనుకు మైళ్ళని చెప్పే అలవాటు వల్ల చదువుకొన్నవారు కూడా ఏ బండిని మార్చితే ఎక్కువ ఇంధనం మిగులుతుందో పొరబడతారని చూపారు.

కొల్లేటి ప్రాంతంలో ఈ పొరబాటుకు ఖరీదు ఉన్నది. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల చెరువులలో పట్టిన చేపలు మంచు పొడిలో సర్దుకొని లారీలమీద బెంగాలుకూ, ఇంకా పైకి అస్సాముకూ పోతాయి. కలకత్తా దారి లెక్కకు సులువుగా 1200 కిలోమీటర్లనుకొందాం. లీటరుకు 4 పోయే లారీని బాగుచేయించి 5 పోయేటట్లు చేస్తే, ఆ దారిలో 300 లీటర్ల డీజిలు 240 అవుతుంది. 60 లీటర్లు మిగులు. యజమాని తన కారును మార్చి 15 నుండి 20కి పెంచుకొంటే, అదే దూరానికి 80 లీటర్లు 60 అవుతాయి, మిగులు 20. ఐదు పెరగడం గొప్పగా కనిపిస్తుంది, ఒకటి పెరగడం ఎవరి కంటికీ ఆనదు. లారీ డ్రైవర్లకు మాత్రం ఈ సంగతి పుస్తకాలు చెప్పకముందే తెలుసు. వారు లీటరుకు ఎంత అని కాక, ట్రిప్పుకు ఎన్ని లీటర్లు అని అడుగుతారు. ఆ లెక్కలో కూడా ఒక మెలిక ఉన్నది. కైకలూరులో బయలుదేరిన లారీ బరువు దారిపొడుగునా ఒకటే ఉండదు. పెట్టెలలోని మంచు కరిగి, చుక్కచుక్కగా రోడ్డు మీద కారుతూనే ఉంటుంది.